బోర్డు మీద పరిషత్తు పేరు, నిర్ణయం మాత్రం శాఖది

మూడు, నాలుగు, ఐదు తరగతులు ఏ బడిలో ఉండాలన్న గొడవ ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మళ్లీ రాజుకుంది. పిల్లల్ని పక్క ఊరి బడికి ఎందుకు పంపాలని తల్లిదండ్రులు ముందుగా నిలదీసేది సర్పంచ్‌నో, ఎంపీటీసీనో. వాళ్ల దగ్గర జవాబు ఉండదు. బోర్డు మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని ఉంటుంది, ఉత్తర్వు మాత్రం పాఠశాల విద్యాశాఖ నుంచి వస్తుంది.

1959లో బళ్లను నేటి మండల పరిషత్తులకు ముందున్న పంచాయతీ సమితులకు అప్పగించడం, పంచాయతీలకు బదలాయించదగ్గ అంశాల జాబితా అయిన పదకొండో షెడ్యూల్లో 73వ రాజ్యాంగ సవరణ విద్యను చేర్చడం అందరికీ తెలిసినవే. ఏ అధికారం ఎంత బదలాయించాలన్నది ఆ సవరణ రాష్ట్రాలకే వదిలేసిందన్నది గుర్తుంటే చాలు.

చాలామంది ఈ గొడవకు మూలం 2020 జాతీయ విద్యా విధానమే అంటారు. అంతకు పదేళ్ల ముందు, 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన రోజే దీనికి బీజం పడింది. ఆ చట్టం 9వ సెక్షన్ స్థానిక సంస్థల మీద పెట్టిన బాధ్యతలు చిన్నవి కావు. నివాసానికి దగ్గర్లో బడి ఉండేలా చూడాలి. తన పరిధిలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డు ఉంచాలి. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించాలి. భవనం, టీచర్లు, బోధన సామగ్రి సమకూర్చాలి. విద్యా సంవత్సరం క్యాలెండర్ కూడా తానే ఖరారు చేయాలి. 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కుకు భంగం కలిగితే ఫిర్యాదు చేయాల్సింది స్థానిక సంస్థకే. అది మూడు నెలల్లో తేల్చాలి.

ఇంత బరువు పెట్టినవాళ్లు అందుకు కావాల్సిన మనుషుల్నీ, డబ్బునీ ఇవ్వలేదు. బళ్లకు కేంద్రం, రాష్ట్రం కలిసి ఇచ్చే సర్వశిక్షా అభియాన్ పథకం నిధులు అప్పటికే రాష్ట్రస్థాయి సొసైటీ ద్వారా నడుస్తున్నాయి. 2018లో అది సమగ్ర శిక్షగా మారినా దారి మారలేదు. ప్రాథమిక బడి టీచర్ జీతం బిల్లు పెట్టేది ఎంఈవో (మండల విద్యాధికారి), బదిలీ ఉత్తర్వు ఇచ్చేది డీఈవో (జిల్లా విద్యాధికారి). ఇద్దరూ శాఖ అధికారులే. పాత పెన్షన్ కింద ఉన్న పరిషత్తు టీచర్లకు మాత్రం పీఎఫ్ ఖాతా జిల్లా పరిషత్ (జెడ్పీ)లోనే ఉంటుంది. పీఎఫ్ లోను కావాలంటే జెడ్పీ ఆఫీసుకు, బదిలీ కావాలంటే డీఈవో ఆఫీసుకు తిరగాలి. పరిషత్తు చేతిలో మిగిలింది ఈ ఖాతా పుస్తకాలూ, భవనాల మీద పేరూ.

జెడ్పీ సభ్యులతో ఏర్పడే ఏడు స్థాయీ సంఘాల్లో విద్య, వైద్యానిది ఒకటి. అక్కడ సభ్యులు అడగొచ్చు, అధికారులు చెప్పొచ్చు. టీచర్‌ను వేసే అధికారం మాత్రం సంఘానికి లేదు.

అందుకే 2021లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ప్రాథమిక బడుల నుంచి హైస్కూళ్లకు తరలించే విలీనం మొదలైనప్పుడు అడ్డుచెప్పగల స్థితిలో స్థానిక సంస్థ లేకపోయింది. హైస్కూలుకు 250 మీటర్ల లోపు ఉన్న బడులతో మొదలుపెట్టి 2022లో కిలోమీటరు దాకా పెంచారు. ఏ బడికి ఎంతమంది టీచర్లో తేల్చే ప్రభుత్వ ఉత్తర్వుగా జీవో 117 వచ్చింది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు దొరుకుతారని, ఐదు తరగతులకు ఒక్క టీచరే ఉండే దుస్థితి పోతుందని శాఖ చెప్పింది. ఆ సమస్య నిజమే.

తల్లిదండ్రుల భయం వేరు. ఎనిమిదేళ్ల పిల్ల మెయిన్ రోడ్డు దాటి వెళ్లాలి. ఒకటో తరగతి తమ్ముడు ఒకచోట, మూడో తరగతి అక్క మరోచోట. కూలికి పొద్దున్నే వెళ్లే తల్లి ఇద్దర్నీ ఎలా దింపుతుంది? పాత బడిలో మిగిలిన రెండు తరగతులకు ఒక్క టీచరే ఉంటే, ఆ టీచర్ సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారు? 2022లో బళ్లు తెరవగానే చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కింది ఇందుకే. ఈ ప్రశ్నలన్నీ దగ్గర్లో బడి ఉండాలన్న చట్టం బాధ్యతకు సంబంధించినవే. ఆ బాధ్యత పరిషత్తుదైనా జవాబు చెప్పే శక్తి దానికి లేదు.

జాతీయ విద్యా విధానం కూడా బడుల విలీనాన్ని ఎంతో ఆచితూచి చేయాలనీ, పిల్లలకు బడి దూరం కాకూడదనీ చెప్పింది. అది ప్రతిపాదించిన స్కూల్ కాంప్లెక్సు 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ ఆలోచనే. ఒక సెకండరీ స్కూలు, చుట్టుపక్కల ఐదు నుంచి పది కిలోమీటర్లలోని చిన్న బడులు కలిసి టీచర్లనూ సామగ్రినీ పంచుకోవడం దాని ఉద్దేశం. తరగతుల్ని తరలించకుండానే ఇది చేయొచ్చు.

2025 మేలో జీవో 117ను పక్కనపెట్టి తొమ్మిది రకాల బడులతో కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. తరగతికో టీచర్ అన్న మోడల్ ప్రైమరీ స్కూళ్లు అందులోవే. మూడు నుంచి ఐదు తరగతులు ప్రాథమిక బడులకు తిరిగొచ్చాయి. ఊరి బడులకు ఇది ఊరటే. అయితే మోడల్ స్కూల్ ఏ ఊళ్లో పెట్టాలన్నచోట పాత పేచీయే మళ్లీ తలెత్తింది. ప్రతి బడికీ తల్లిదండ్రులతో ఉండే యాజమాన్య కమిటీల తీర్మానాలు తీసుకున్నారు. కానీ ఏ కమిటీ అయినా తన బడి గురించే మాట్లాడుతుంది. రెండు ఊళ్ల మధ్య తగువు తీర్చాల్సింది రెండు ఊళ్లకూ పెద్దయిన మండల పరిషత్తు. ప్రతిపాదనలు పైకి వెళ్లకముందే వాటిని మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో పెట్టి, సభ్యుల అభ్యంతరాలను రాతలో తీసుకుని, 32వ సెక్షన్ ఫిర్యాదులకు ఒక రిజిస్టరు తెరవాలి. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.