240 గంటల లెక్క ఎక్కడిది? ఎన్ఎస్ఎస్ నేపథ్యం

డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్‌లో (జాతీయ సేవా పథకంలో) చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి పూర్తిచేయాలి. అప్పుడే సర్టిఫికెట్ ఇస్తారు. సేవను గంటల్లో కొలవడమేమిటని కొందరికి అనిపిస్తుంది. కానీ ఈ కొలత వెనుక దాదాపు ఇరవై ఏళ్ల తర్జనభర్జన ఉంది. అదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: విద్యార్థిని బలవంతపెట్టాలా, వద్దా?

1950లో కేంద్ర విద్యా సలహా మండలి విద్యార్థుల శ్రమదానం స్వచ్ఛందంగా ఉండాలంది. 1959లో మాజీ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ (మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ భర్తే) నాయకత్వంలో వేసిన కమిటీ మాత్రం ఎదురుదారి పట్టింది. హైస్కూలు ముగించి కాలేజీకి వెళ్లదలచినవాళ్లంతా తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు జాతీయ సేవ చేసి తీరాలని సిఫారసు చేసింది. అంతమందికి తిండి, బస, పర్యవేక్షణ ఎవరు చూస్తారు? ఖర్చు లెక్క చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తర్వాత విద్యావేత్త కె.జి. సైయదైన్ పలు దేశాల్లోని సేవా పథకాలను పరిశీలించి, స్వచ్ఛంద పద్ధతే మేలని తేల్చారు.

బలవంతం ఎలా ఉంటుందో దేశం చూసింది కూడా. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని (సైనిక తరహా శిక్షణనిచ్చే నేషనల్ క్యాడెట్ కోర్) తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఐచ్ఛికంగా మార్చారు. ఈలోగా 1967లో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం ఎన్‌సీసీకి ప్రత్యామ్నాయంగా జాతీయ సేవా పథకం ఉండాలంది. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, కేంద్ర విద్యా మంత్రి వి.కె.ఆర్.వి. రావు దాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభించారు. మొదటి వాలంటీర్లు సుమారు 40 వేలు.

నిబంధనల ప్రకారం ఏడాదికి 120 గంటలు. మొదట 20 గంటల పరిచయ శిక్షణ, 30 గంటలు కాలేజీ ఆవరణలో, మిగతా 70 బయట, ముఖ్యంగా దత్తత గ్రామంలో. మా దృష్టిలో ఎన్ఎస్ఎస్‌కు ప్రాణం ఆ 70 గంటలే. ఇంటింటి సర్వే చేసే కుర్రాడికి కొత్త మనిషి గుమ్మం ముందు నిలబడి అడగడం, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, సర్పంచిని ఒప్పించడం అలవాటవుతాయి. శిబిరంలో యాభై మందికి వంట సరుకుల లెక్క రాసిన విద్యార్థినికి ఖర్చుపెట్టడం, రసీదు దాచడం తెలుస్తాయి. ఇవి తరగతిలో రావు.

చెడేది కూడా అక్కడే. ఊరికి బస్సు ఖర్చు, సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తే ఆ 70 గంటలు మెల్లగా ఆవరణ శుభ్రతలోకి జారిపోతాయి. మొక్కలు జూలైలో నాటుతారు. మార్చిలో నీళ్లు పోసేవాళ్ల పేరు రిజిస్టరులో ఉండదు, ఎండకు అవి పోతాయి. రక్తదాన శిబిరం పెడితే 18 ఏళ్లు నిండనివాళ్లు, 45 కిలోలకు తక్కువున్నవాళ్లు, హిమోగ్లోబిన్ 12.5 లేనివాళ్లు వరుసలోంచి వెనక్కి రావాల్సిందే. ఈ అర్హతలు ముందే చూడకపోతే వంద పేర్లు రాసుకున్నా ఆ రోజు బల్ల మీద పడుకునేవాళ్లు చాలా తగ్గుతారు. వెనక్కి పంపిన అమ్మాయిలకు రక్తహీనత సంగతి చెప్పి డాక్టరు దగ్గరికి పంపడం మంచి యూనిట్ చేసే పని.

ఇంకో చిక్కు ప్రోగ్రామ్ ఆఫీసరుది. వంద మంది వాలంటీర్లకు ఒక అధ్యాపకుడు. పాఠాల భారం తగ్గదు, పైగా కొన్నేళ్లకు ఆ బాధ్యత ఇంకొకరికి మారుతుంది. వెళ్లేటప్పుడు పాత సర్వే ఫారాలు, గ్రామ పెద్దల ఫోన్ నంబర్లు అప్పగించకపోతే కొత్తాయన కొత్త ఊరు ఎంచుకుంటారు. పాత ఊరిలో సగం తవ్విన ఇంకుడు గుంతలు అలాగే ఉంటాయి.