పన్ను ఎవరిది, మాట ఎవరిది: ప్రభుత్వ ఖర్చు వెనుక ఎనిమిది వందల ఏళ్ల కథ

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఒకే వాదన మళ్లీ మొదలవుతుంది. పన్నులు తగ్గించమని కొందరు, ఆస్పత్రులకూ బడులకూ ఇంకా ఇవ్వమని కొందరు. రెండూ న్యాయమైన కోరికలే. అయితే ఈ వాదన అడుగున ఇంకా పాత ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బు వసూలు చేయడానికి, ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నది ఎవరు? ప్రభుత్వ విత్తం అనగానే అంకెలు గుర్తొస్తాయి గానీ, దాని చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు ఈ ఒప్పుకోలు గొడవే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంగ్లండ్ రాజు జాన్ ఫ్రాన్స్‌తో యుద్ధాలు చేసి ఓడిపోయాడు. ఆ ఖర్చంతా ప్రభువుల నెత్తిన పడింది. వాళ్లు తిరగబడి 1215లో మాగ్నా కార్టా అనే హక్కుల పత్రానికి ఆయనను ఒప్పించారు. రాజ్యంలోని పెద్దల సమ్మతి లేకుండా కొన్ని రకాల పన్నులు వేయకూడదని అందులో రాశారు. మరుసటి ఏడాది పత్రాన్ని తిరగరాసినప్పుడు ఆ నిబంధనే ఎగిరిపోయింది. ఆలోచన మాత్రం పోలేదు. 1689 నాటి హక్కుల చట్టం పార్లమెంటు అనుమతి లేని పన్ను వసూలు చట్టవిరుద్ధమని తేల్చేసింది.

దీనివల్ల ఎవరూ ఊహించని మేలు ఒకటి జరిగింది. రాజుకు అప్పిచ్చినవాడికి అది తిరిగొస్తుందన్న నమ్మకం అంతకుముందు ఉండేది కాదు. 1672లో రెండో చార్లెస్ అప్పుల చెల్లింపు ఉన్నట్టుండి ఆపేశాడు, బ్యాంకర్లు మునిగిపోయారు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1694లో, కొత్తగా పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి ఇచ్చింది. ఈసారి అప్పు వెనుక పార్లమెంటు ఒప్పుకున్న పన్నులున్నాయి. అప్పు రాజుది కాకుండా రాజ్యానిది అయింది. పన్నుకు జనం ఒప్పుకున్న చోటే అప్పు కూడా తేలిగ్గా పుడుతుందన్న సంగతి అప్పటినుంచి ఏ ఖజానా మరిచిపోలేదు.

ఫ్రాన్స్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1614 తర్వాత అక్కడ మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధులు కూర్చునే ప్రజా వర్గాల సభ సమావేశమే కాలేదు. ప్రభువులకు, మతాధికారులకు చాలా పన్నుల నుంచి మినహాయింపు. 1788 నాటికి రాబడిలో దాదాపు సగం అప్పులకే పోతోంది. కొత్త పన్నులకు దారి లేక 1789లో రాజు ఆ సభను పిలవాల్సి వచ్చింది, విప్లవం అక్కడే మొదలైంది. మాకు సీటు లేని బ్రిటన్ పార్లమెంటు మా మీద పన్ను వేయడమేంటని అమెరికా వలసలు అప్పటికే తిరగబడి ఉన్నాయి.

1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ప్రభుత్వానికి మూడు పనులు అప్పగించాడు: దేశ రక్షణ, న్యాయం, ఏ ఒక్కరికీ సొంతంగా కట్టుకోవడం గిట్టుబాటు కాని రోడ్లు, వంతెనల వంటివి. ఈ మూడోదాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలని వాదించేవాళ్లు ఆయన పేరు చెబుతారు గానీ, ఈ భాగాన్ని వదిలేస్తారు.

ఆదాయపు పన్ను కథ దగ్గర కాస్త ఆగాలి. నెపోలియన్ కాలపు యుద్ధాల ఖర్చు తట్టుకోలేక ప్రధాని విలియం పిట్ 1799లో బ్రిటన్‌లో దాన్ని మొదలుపెట్టాడు. ఏడాదికి 60 పౌండ్లు దాటినవాళ్లు కట్టాలి, 200 దాటితే పదో వంతు. యుద్ధం అయిపోగానే 1816లో దాన్ని రద్దు చేశారు. అంతటితో ఊరుకోకుండా, ఆ పన్ను కాగితాలన్నీ నాశనం చేయమని పార్లమెంటు ఆదేశించింది. తమ సంపాదన ప్రభుత్వానికి తెలియడం అప్పట్లో జనానికి అంత కంటగింపు. 1842లో ప్రధాని రాబర్ట్ పీల్ లోటు పూడ్చడానికి దాన్ని మూడేళ్ల కోసం అంటూ మళ్లీ తెచ్చాడు. ఆ మూడేళ్లు ఇంకా పూర్తి కాలేదు. చట్టం ప్రకారం అక్కడ ఆదాయపు పన్ను నేటికీ తాత్కాలికమే. ఏటా ఏప్రిల్ 5తో గడువు తీరిపోతుంది, పార్లమెంటు మళ్లీ ఆమోదించాలి. ఏటా మళ్లీ అడగాల్సి రావడం నాకు చాలా నచ్చే సంగతి.

ఇంతకాలం ఈ డబ్బులో ఎక్కువ భాగం సైన్యానికి, పాత యుద్ధాల అప్పుల వడ్డీకి పోయేది. జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. కార్మికులు సోషలిస్టుల వైపు పోకుండా ఆపాలన్నది ఆయన లెక్క. ఉద్దేశం ఏదైనా, జబ్బు, ముసలితనం కూడా ప్రభుత్వ పద్దులోకి వచ్చాయి. 1909లో బ్రిటన్ ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ పింఛన్ల కోసం, యుద్ధనౌకల కోసం ధనికుల మీద పన్ను పెంచితే పార్లమెంటులోని ప్రభువుల సభ ఆ బడ్జెట్‌ను తిప్పికొట్టింది. 1911 చట్టంతో డబ్బు బిల్లులను అడ్డుకునే అధికారం ఆ సభకు పోయింది. 1215లో పన్నుకు ఒప్పుకోలు కావాలన్నది ప్రభువులే. ఏడు వందల ఏళ్లకు ఆ మాట వాళ్ల చేతుల్లోంచి ఓటర్ల చేతుల్లోకి వెళ్లింది.

తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు. యుద్ధంలో జనం భారీ పన్నులకు అలవాటు పడతారని, శాంతి వచ్చాక కూడా అవి పాత స్థాయికి దిగవని పీకాక్, వైజ్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1961లో బ్రిటన్ లెక్కలతో చూపించారు.

1929లో మొదలైన మహా మాంద్యం ఇంకో పాఠం నేర్పింది. రాబడి పడిపోతే ఇంట్లో ఖర్చు తగ్గించుకుంటాం. ప్రభుత్వం కూడా అలాగే చేయాలనుకున్నారు. రాబడికీ ఖర్చుకూ లెక్క సరిపెట్టాలని 1932లో అమెరికా గరిష్ఠ ఆదాయపు పన్నును 25 నుంచి 63 శాతానికి పెంచింది. 1933 నాటికి అక్కడ ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. అందరూ ఒకేసారి ఖర్చు ఆపేస్తే ఎవరి సరుకూ అమ్ముడుపోదు, ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం కదా. అలాంటప్పుడు అప్పు చేసైనా ప్రభుత్వమే ఖర్చు పెట్టాలన్న వాదనకు 1936లో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ సిద్ధాంత బలం ఇచ్చాడు. కష్టకాలంలో ఖర్చు పెట్టడం, మంచి కాలంలో వెనక్కి తగ్గడం రెండూ ఈ ఆలోచనలో భాగమే. రాజకీయ నాయకులు మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేశారు. 1970లలో ధరలు, నిరుద్యోగం కలిసి పెరిగినప్పుడు కీన్స్ పేరే చెడింది. అది ఆయనకు జరిగిన అన్యాయమని నా అభిప్రాయం. 1980లలో గాలి మారింది. అమెరికాలో గరిష్ఠ పన్ను ఆ దశాబ్దంలో 70 నుంచి 28 శాతానికి దిగింది.

ఈలోగా చప్పుడు లేకుండా ఎదిగిన పన్ను ఒకటుంది. 1954లో ఫ్రాన్స్ మొదలుపెట్టిన వ్యాట్, అంటే సరుకు చేతులు మారే ప్రతి దశలోనూ పెరిగిన విలువ మీద వేసే పన్ను, ఇవాళ 170కి పైగా దేశాల్లో ఏదో రూపంలో ఉంది. ధరలోనే కలిసిపోతుంది కాబట్టి కట్టేవాడికి కట్టినట్టే తెలియదు. పైగా, సంపాదించిందంతా ఖర్చయిపోయే పేదవాడి ఆదాయంలో దీని వాటా ఎక్కువ. ఖజానాకు ఇది సులువు, నిజమే. కానీ తెలియకుండా కట్టేదాని గురించి ఎవరు నిలదీస్తారు?

అప్పు విషయంలో ఈ ప్రశ్న ఇంకా కఠినం. 2008లో, 2020లో ప్రభుత్వాలు భారీగా అప్పు చేసి బ్యాంకులను, ఉద్యోగాలను, ఇళ్లను నిలబెట్టాయి. చేయకపోయుంటే నష్టం ఇంకా ఎక్కువే ఉండేది. ఆ అప్పు కోసం అమ్మిన బాండ్లలో (అప్పు పత్రాలలో) కొన్నింటి గడువు తీరేనాటికి వడ్డీ కట్టేవాళ్లలో చాలామందికి ఇప్పుడు ఓటు లేదు, కొందరు ఇంకా పుట్టనేలేదు.

ఇలాంటిది ఎంత దూరం పోగలదో బ్రిటన్ పద్దుల్లోనే ఉంది. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. అప్పటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో అది దాదాపు 40 శాతం. అదంతా యజమానులకే వెళ్లింది, విడుదలైన మనుషులకు ఒక్క పెన్నీ రాలేదు. దానికోసం చేసిన అప్పు తాలూకు చివరి బాండ్లు తీరింది 2015లో. అంతవరకు ఆ వడ్డీకి పన్ను కట్టినవాళ్లలో ఆ బానిసల వారసులు కూడా ఉన్నారు.