4294967297: ఒక పెద్ద సంఖ్య చుట్టూ అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతం (number theory) చెప్పేటప్పుడు నేను తప్పకుండా బోర్డు మీద రాసే సంఖ్య ఇది. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. క్లుప్తంగా 2³² + 1. పెద్ద సంఖ్యల మీద మనకుండే అపోహలు చాలావరకు దీని దగ్గరే బయటపడతాయి.

అపోహ: చిన్న సంఖ్యలేవీ భాగించకపోతే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: ఇది బేసి. అంకెల మొత్తం 59, కాబట్టి 3 పోదు. చివర 7 ఉంది, 5 పోదు. 7, 11, 13 కూడా పోవు. అలా 640 దాకా ఏదీ పోదు. 641 మాత్రం పోతుంది!

అపోహ: 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అంతటివాడు ప్రధాన సంఖ్య అన్నాడంటే తిరుగుండదు.

వాస్తవం: 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపు చేస్తూ ప్రతిసారీ 1 కలిపితే ఒక వరస వస్తుంది. అందులో మొదటి ఐదూ, అంటే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే కాబట్టి, ఆరోదైన మన సంఖ్యతో సహా ఈ వరస మొత్తం అంతేనని 1640 ప్రాంతంలో ఆయన గట్టిగా నమ్మాడు. నిరూపణ లేదని ఆయనే ఒప్పుకున్నాడు. 1732లో గణితవేత్త ఆయిలర్ మన సంఖ్యను 641 × 6700417గా విడగొట్టాడు.

భాగహారం చేయకుండానే దీన్ని సరిచూసుకోవచ్చు. 641 = 5×2⁷ + 1. అంటే 641తో భాగించే లెక్కలో 5×2⁷ బదులు −1 వాడుకోవచ్చు. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴×2²⁸కి శేషం 1. ఇటు 641 = 5⁴ + 2⁴ కూడా, కనుక 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టండి. −2³²కి శేషం 1 అని తేలింది కదా! అంటే 2³² + 1కి శేషం సున్నా. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని నిరూపణ ఇది.

అపోహ: కారణాంకం దొరకాలంటే కోట్లసార్లు భాగించాలి.

వాస్తవం: వర్గమూలం దాకా, అంటే 65536 వరకు చూస్తే చాలు. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6,542. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజం కంటే 1 ఎక్కువే ఉండాలని ఆయిలర్ నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరుకుతుంది.

అపోహ: ఫెర్మా పరీక్ష నెగ్గితే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: ఒక సంఖ్యలోంచి 1 తీసేసి, ఎంచుకున్న ఆధారాన్ని ఆ ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలన్నదే ఆ పరీక్ష. 2ను ఆధారంగా తీసుకుంటే మన సంఖ్య ఆ పరీక్ష నెగ్గుతుంది. 2³²కి శేషం −1, కాబట్టి 2⁶⁴కి శేషం 1. మన సంఖ్యలోంచి 1 తీసేస్తే వచ్చే 2³², 64కి గుణిజం. అందుకే 2ను ఆ ఘాతానికి పెంచినా శేషం 1 వస్తుంది. ఇలాంటివాటిని మిథ్యా ప్రధాన సంఖ్యలు అంటాం. పరీక్షలో తప్పితే సంయుక్త సంఖ్యే అని కచ్చితంగా చెప్పొచ్చు. నెగ్గినంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

అపోహ: ప్రధానమా, సంయుక్తమా అన్న తేడా కాగితం మీదే.

వాస్తవం: 257 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చు, 257 ఫెర్మా ప్రధాన సంఖ్య (పై వరసలోని ప్రధాన సంఖ్య) కాబట్టి. 4294967297 భుజాలదాన్ని గీయడం అసాధ్యం, దాని కారణాంకాలు ఫెర్మా ప్రధాన సంఖ్యలు కావు గనక. రెండు భుజాలు తగ్గించి 4294967295 చేస్తే మళ్లీ సాధ్యమే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం, 3×5×17×257×65537 గనక. అలా గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే అతి పెద్దది.