ఏసీని దాచండి గానీ గాలిని దాచొద్దు: కొత్త ఇళ్ళ ఇంటీరియర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో ఇప్పుడు ఇల్లు కట్టేవాళ్ళు ఎవరిని కలిసినా ముందు ఫోన్ తీసి ఒక ఫోటో చూపిస్తారు, తెల్లటి హాలు, ఫాల్స్ సీలింగు, గోడంతా వుడ్ ప్యానెల్, ఏసీ మాత్రం యాడా కనపడదు. "అన్నా, మనకీ ఇట్లానే కావాల" అంటారు. చెయ్యొచ్చు, చేస్తానే ఉన్నాం. కాకపోతే పైపులు దాచొచ్చు, వైర్లు దాచొచ్చు, నీళ్ళ డ్రెయిన్ దాచొచ్చు, గాలి పొయ్యే దారీ వచ్చే దారీ మాత్రం మూసేదానికి లేదు. ఏసీ ఫిట్టింగు పనిలో నాకు ఎదురయ్యే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క దగ్గరే మొదలవుతాయి.

అపోహ: ఏసీ ముందు జాలీ పెట్టుకోవచ్చు, రంధ్రాలు ఉన్నాయి కదా

చెక్క శిల్పాలకి పేరున్న మన పక్కూరు మాధవమాలలో చెక్కించిన జాలీ తెచ్చి స్ప్లిట్ ఏసీ ముందర బిగించమంటారు. పనితనం చూస్తే నిజంగా ముచ్చటేస్తాది, లతలు, హంసలు, ఎంత ఓపిగ్గా చెక్కారో. కానీ అంత చెక్కడంలో ఖాళీ ఎంత ఉంటాది, సగం కూడా ఉండదు. స్ప్లిట్ ఏసీ పైనుంచి రూములో గాలి పీల్చి కిందనుంచి చల్లగాలి ముందుకి తోస్తాది, ఎదురుగా చెక్క ఉంటే ఆ చల్లగాలి దానికి కొట్టుకుని మళ్ళీ పైనుంచి లోపలికే పోతాది. సెన్సరు ఉండేది ఆ గాలి పీల్చే చోటే, దానికి తగిలేది చల్లగాలే కాబట్టి రూము 24కి వచ్చేసిందనుకుంటాది, ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ స్పీడు తగ్గించేస్తాది, ఇవతల సోఫాలో కూర్చున్నాయన చెమటలు తుడుచుకుంటా "గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి కొట్టిపో" అని ఫోన్ చేస్తాడు. గ్యాస్ యాడికీ పోలేదు సార్, లీకు లేకపోతే అది అయిపోయే సరుకు కాదు. పైగా ఆ చెక్క వెనక తేమ చేరి బూజు పడతాది, రిమోట్ కూడా సరిగ్గా పట్టదు.

అంతగా కావాలంటే యూనిట్ చుట్టూ గూడు మాదిరి ఫ్రేము కట్టించి ముందుభాగం తెరిచి వదిలెయ్యండి, పైన అరడుగు, పక్కన ఒక చెయ్యి దూరేంత ఖాళీ ఉండాల, మీ మోడల్ మాన్యువల్లో అంతకన్నా ఎక్కువ రాసుంటే అంతే వదలాల. ఆ జాలీని పక్క గోడకి పెట్టి వెనక లైటు వేసుకోండి, ఇంకా బాగుంటాది. కాళహస్తి కలంకారీ గుడ్డతో కవర్ కుట్టించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, ఏసీ ఆపేసి ఉన్నన్నాళ్ళు దుమ్ము పడకుండా పనికొస్తాది, ఆన్ చేసేముందు తీసెయ్యాల, అంతే.

అపోహ: ముందు ఫాల్స్ సీలింగు అయిపోనీ, ఏసీ సంగతి తర్వాత

తర్వాత కాదు, ఎలక్ట్రీషియన్ గోడ కొట్టేటప్పుడే ఏసీ వాళ్ళు సైటులో ఉండాల. డక్టబుల్ యూనిట్, అంటే సీలింగు పైన దాక్కుని గొట్టాల్లోంచి గాలి పంపే ఏసీ కావాలంటే స్లాబ్ కింద సుమారు అడుగు ఎత్తు వదులుకోవాల, మన ఇళ్ళల్లో స్లాబే పది అడుగులు, మధ్యలో బీము వచ్చిందంటే ఇంకా కష్టం. గోడలో పోయే రాగి పైపు ఒకటే ముక్కగా పోవాల, మధ్యలో అతుకు పెట్టొద్దు, అతుకులేమన్నా ఉంటే చెయ్యి అందే చోటే ఉండాల. గ్యాస్ పొయ్యేదొకటి, వచ్చేదొకటి, ఆ రెండు రాగి పైపులకీ విడివిడిగా ఇన్సులేషన్ తొడిగి, నైట్రోజన్ ప్రెషరు ఎక్కించి ఒక రాత్రంతా వదిలేసి, పొద్దున గేజిలో ముల్లు కదల్లేదని చూసుకున్నాకే ప్లాస్టరింగు చెయ్యనియ్యాల. "గోడలో పైపులు పెడితే లీకవుతాయి" అనే భయం ఈ టెస్టు చెయ్యకుండా మూసేసిన ఇళ్ళ వల్ల పుట్టింది. ప్లాస్టరింగుకి ముందు గోడ మీద టేపు పరిచి ఫోటో తీసి పెట్టుకోండి, రేపు టీవీ బిగించేదానికి డ్రిల్లు వేసేవాడికి రాగి పైపు యాడుందో తెలీదు.

డ్రెయిన్ పైపు మీటరుకి ఒక సెంటీమీటరైనా వాలు ఉండాల. సీలింగు మూసేముందు ఇండోర్ ట్రేలో మగ్గుడు నీళ్ళు పోసి బయట ఎంతసేపటికి పడతాయో మీరే నిలబడి చూడండి, మేస్త్రీ మాట మీద వదలొద్దు. వాలు లేకపోతే తేమ ఎక్కువుండే రోజుల్లో పీఓపీ మీద పసుప్పచ్చ మరక ఒకటి మొదలై రోజురోజుకీ పెరుగుతా పోతాది. అప్పుడు దాన్ని విప్పి చూడాలంటే దారి కావాల కదా, అందుకే డక్టబుల్ కింద తెరిచి చూసేదానికి రెండడుగుల ట్రాప్ డోర్ పెట్టమని మొత్తుకుంటాం, డిజైనర్లకి ఆ గీత కనపడితే నచ్చదు. నచ్చకపోయినా ఉండాల్సిందే, ఇందులో బేరం లేదు.

అపోహ: ఔట్‌డోర్ యూనిట్‌ని ఎలివేషన్ (ఇంటి ముందు గోడ డిజైను) లోపల పెట్టేస్తే బయటికి కనపడదు

ఒకటిన్నర టన్ను ఏసీ రూములోంచి లాగే వేడి 5 కిలోవాట్లపైనే, దానికి కంప్రెసర్ తినే కరెంటు కూడా కలిసి ఫుల్లుగా నడిచేటప్పుడు బయటికి కొట్టేది ఆరున్నర కిలోవాట్ల దాకా ఉంటాది, అంటే 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి ఆన్ చేసినంత. దాన్ని నాలుగు పక్కలా షీటు కొట్టిన పెట్టెలో పెడితే మే నెలలో బయట 42 ఉన్నప్పుడు లోపల ఎంతవుతాదో ఆలోచించండి, వదిలిన వేడిగాలే మళ్ళీ పీల్చుకుంటా బిల్లు పెంచుతాది, కొన్నాళ్ళకి మధ్యాన్నం పూట ట్రిప్ అవుతాది. లూవర్లు పెట్టుకోండి, పట్టీల మధ్య ఎడం బాగా ఉండాల, ఫ్యాను ముందుపక్క పూర్తిగా తెరిచుండాల, సర్వీసుకి మనిషి నిలబడే చోటు ఉండాల. మూడో అంతస్తు గోడకి తాడు కట్టుకుని వేలాడతా చేసే పని ఎవరి ప్రాణానికీ మంచిది కాదు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టమంటే పెట్టేద్దాం, అక్కడ గాలాడితే చాలు.

అపోహ: హాట్ అండ్ కోల్డ్ ఏసీ అయితేనే మోడర్న్ ఇల్లు

తిరుపతిలో చలికాలం రాత్రిళ్ళు 18 డిగ్రీల దగ్గర్లో ఉంటాయి, దుప్పటి చాలు. మదనపల్లి వైపో, 4,000 అడుగుల పైనున్న హార్స్‌లీ హిల్స్‌లోనో ఇల్లుంటే, పెద్దవాళ్ళుంటే తీసుకోవచ్చు, రాడ్ల రూమ్ హీటర్ ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే ఇస్తే ఇది అదే కరెంటుతో సుమారు మూడింతలు ఇస్తాది. వేడిగాలి పైకి పోతాది కాబట్టి ఫ్లాప్ కిందికి తిప్పి పెట్టుకోండి.

అపోహ: గ్యాస్ గీజర్‌ని బాత్రూమ్ కప్‌బోర్డులో పెడితే నీటుగా ఉంటాది

దయచేసి వద్దు. గ్యాస్ మండేదానికి లోపలి గాలే వాడుకుని కార్బన్ మోనాక్సైడ్ వదిలితే దానికి వాసన లేదు, రంగు లేదు, స్నానానికి పోయిన మనిషి స్పృహ తప్పి ప్రాణం పోయేదాకా బయటివాళ్ళకి తెలీదు. గ్యాస్ గీజర్ గాలాడే చోట బాత్రూమ్ బయటే ఉండాల, పొగ గొట్టం ఆరుబయటికి పోవాల. ఎలక్ట్రిక్ గీజర్ అయితే సీలింగు పైన దాచుకోవచ్చు, మన బోరు నీళ్ళకి లోపల ఉప్పు పేరుకుంటాది కాబట్టి దాని సేఫ్టీ వాల్వుకి చెయ్యి అందాల.

అపోహ: ఏసీలు శ్రీసిటీలోనే తయారవుతున్నాయి కదా, మనకి తక్కువకి రావాల

శ్రీసిటీ అంటే మన పక్కనే ఉన్న ఫ్యాక్టరీల టౌను, ఫ్యాక్టరీ పక్కనున్నంత మాత్రాన షోరూము రేటు మారదబ్బా. ఇది మాత్రం వారానికొకసారన్నా ఎవరో ఒకరు అడుగుతారు.

అపోహ: ఏసీ ఉన్నాక ఫ్యాన్ ఎందుకు, సీలింగు ప్లెయిన్‌గా ఉంటే అందం

2020 జనవరి నుంచి స్టార్ రేటింగు రూమ్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీలే డిఫాల్టుగా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగుల్తాదని ఆ స్టార్ రేటింగు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. ఫ్యాన్ సన్నగా తిరుగుతా ఉంటే 26లో కూడా హాయిగా నిద్ర పడతాది, అదే ఫ్యాన్ లేకపోతే 22కి దించుతారు. పైగా కరెంటు పోతే చాలా ఇళ్ళల్లో బ్యాటరీ మీద తిరిగేది ఫ్యానే, ఏసీ కాదు. ఇప్పుడు వద్దనుకున్నా స్లాబ్‌కి హుక్కు, వైరు మాత్రం వదిలించుకోండి, సీలింగు మూసేశాక అడిగితే మళ్ళీ కొయ్యాల్సిందే.