ఓనీల్‌లలో కనబడని నీల్ రక్తం

2006లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు ఐర్లండ్ మగవాళ్ల వై క్రోమోజోమ్‌లను పరీక్షించారు. దేశపు వాయవ్య ప్రాంతంలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఒకే రకం గుర్తు కనిపించింది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది కాబట్టి వీళ్ల మూలపురుషుడు ఒక్కడే అయ్యుండాలి. ఐదో శతాబ్దపు రాజుగా చెప్పుకునే 'తొమ్మిది మంది బందీల నీల్' ఆయనే కావచ్చన్నారు. పేపర్లకు ఇంతకన్నా ఏం కావాలి!

చిక్కల్లా ఓనీల్‌లతోనే. నీల్ పేరునే ఇంటిపేరుగా మోస్తున్న ఈ కుటుంబాల్లో ఆ గుర్తు అంతగా లేదు. గాలహర్, డోహర్టీ, బాయిల్ లాంటి ఇంటిపేర్ల వాళ్లలోనే బాగా ఉంది. పైగా ఆ గుర్తు వయసు నీల్ కాలం కన్నా ఎక్కువే ఉండొచ్చని తర్వాతి లెక్కలు.

నిజానికి ఇంటిపేరులో ఉన్నది ఇంకో నీల్. 919లో డబ్లిన్ దగ్గర వైకింగ్‌లతో పోరాడి చనిపోయిన 'నల్లమోకాలి' నీల్. ఈయన్నీ పాత నీల్ వంశంలోనే లెక్కగట్టారు. ఈయన మనవడు డోనల్ తాత పేరును ఇంటిపేరు చేసుకున్నాడు. మన దగ్గర తాత పేరు ఒక్క మనవడికి పెడితే సరిపోతుంది, అక్కడ వంశమంతటికీ అంటుకుపోయింది.

టైరోన్ ప్రాంతంలో అది పేరే కాదు, పదవి కూడా. వంశపెద్దను ఒట్టి 'ఓనీల్' అనేవారు. తల్లీహోగ్ గుట్ట మీది రాతి కుర్చీలో కూర్చోబెట్టాక, ఓకేన్‌లనే మరో వంశం పెద్ద ఆయన తల మీదుగా చెప్పు విసిరేవాడు. అదే పట్టాభిషేకం. మన వైపు ఎవరైనా అలా విసిరితే ఏమయ్యేదో!

ఇంత పలుకుబడి ఉన్న పేరులోకి రక్తసంబంధం లేనివాళ్లూ చేరడం వింతేమీ కాదు. ఆశ్రయం కోసం దొర పేరు పెట్టుకున్నవాళ్లుంటారు, పెంపుడు కొడుకులుంటారు. మాథ్యూ సంగతే చూడండి. డండాక్ ఊళ్లో ఒక కమ్మరి కొడుకుగా పెరిగాడు. వీడు ఓనీల్ బిడ్డేనని తల్లి చెబితే, వంశపెద్ద కాన్ ఓనీల్ సరేనన్నాడు. 1542లో వారసుణ్నీ చేశాడు. కాన్ సొంత కొడుకు షేన్‌కు ఒళ్లు మండింది. వాడు కమ్మరి కొడుకేనని వాదించాడు. 1558లో షేన్ మనుషులు మాథ్యూను చంపేశారు.

అయినా ఆ మాథ్యూ కొడుకు హ్యూ 1595లో తల్లీహోగ్‌లో 'ఓనీల్' అయ్యాడు. మూడేళ్లకే ఎల్లో ఫోర్డ్ దగ్గర ఇంగ్లిష్ సైన్యాన్ని చిత్తుచేశాడు.