సందేహానికి చర్చిలో చోటుందా? మనస్తత్వ శాస్త్రం చూసిన తీరు

1901-02లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మతాన్ని రెండుగా విడదీశారు. ఆరాధన క్రమం, మతగురువులు, సంఘ నిర్మాణం ఒకటి. ఏకాంతంలో మనిషికి దేవుడితో ఉండే అనుబంధం రెండోది. ఆయన రెండోదాన్నే తీసుకున్నారు. దాంతో, వేర్వేరుగా నమ్మేవాళ్లు ఒకే చర్చిలో ఎలా ఇముడుతారన్న ప్రశ్న పక్కకు పోయింది.

కాథలిక్ చర్చిలో అప్పుడు రగులుతున్నది ఆ ప్రశ్నే. బైబిల్‌ను చరిత్ర దృష్టితో చదవాలన్న పండితుల ధోరణిని 1907లో పోప్ పదో పయస్ ఖండించారు. 1910 నుంచి గురువులు, సెమినరీల్లో (గురువులను తయారుచేసే విద్యాలయాల్లో) అధ్యాపకులు ‘ఆధునికవాదం’ అని పేరుపెట్టిన ఈ ధోరణిని తిరస్కరిస్తూ ప్రమాణం చేయాల్సి వచ్చింది. సందేహం ఉన్న గురువు దాన్ని లోపలే అణచుకోవాలి, కాదంటే బయటికి నడవాలి.

1921లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చర్చిని సైన్యం పక్కన పెట్టి చూశారు. క్రీస్తు అందరినీ సమానంగా ప్రేమిస్తాడన్న నమ్మకమే సభ్యులను కలిపి ఉంచుతుందనీ, ప్రేమను బోధించే మతం కూడా ఆ బంధం బయట ఉన్నవాళ్లతో కఠినంగానే ఉంటుందనీ అన్నారు. మతమంతా భ్రమేనన్న ఆయన తీర్పుతో నాకు పేచీ ఉంది. ఆయన స్నేహితుడు, జూరిచ్ పాస్టర్ ఆస్కార్ ఫిస్టర్ దానికి 1928లోనే గట్టిగా జవాబిచ్చారు. కానీ 1921 నాటి మాటను కొట్టేయలేం. ఐక్యతకు ప్రేమే ఆధారమైనచోట, వేరే మాట అన్నవాడు ప్రేమ తప్పినవాడిలా కనిపిస్తాడు.

అసలు మలుపు అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్‌తో వచ్చింది. మతాన్ని హోదాకో ఊరటకో వాడుకునేవాళ్లు, దాన్నే జీవితంగా చేసుకున్నవాళ్లు వేరని ఆయన చూపించారు. 1967లో మైకేల్ రాస్‌తో కలిసి చేసిన అధ్యయనంలో మూడో గుంపు తేలింది. ఒకదానికొకటి పొసగకపోయినా, మతాన్ని మెచ్చే ప్రతి వాక్యానికీ అవుననేవాళ్లు వీళ్లు. జాతి వివక్ష అందరికన్నా వీళ్లలోనే ఎక్కువ కనిపించింది. ప్రతిదానికీ తలూపడాన్నే విశ్వాసమనుకునే పెద్దలు ఈ ఫలితాన్ని నిదానంగా చదవాలి.

ఆధునికవాద వ్యతిరేక ప్రమాణం రద్దయిందీ 1967లోనే. అంతకు రెండేళ్ల ముందు కాథలిక్ బిషప్పుల ప్రపంచ సమావేశమైన రెండో వాటికన్ మహాసభ మత స్వేచ్ఛను ప్రకటించింది. కాకపోతే అది ప్రభుత్వాలు పౌరుల మనస్సాక్షిని బలవంతపెట్టకూడదన్న ప్రకటన. చర్చి లోపలి అసమ్మతి గురించి కాదు. ఈ తేడాను చాలామంది గమనించరు.

ఆ తేడా ఎంతటిదో జర్మన్ గురువు, మానసిక చికిత్సకుడు ఓయ్‌గెన్ డ్రెవర్‌మాన్ విషయంలో బయటపడింది. గురువుల జీవితాన్ని మనోవిశ్లేషణతో పరిశీలిస్తూ 1989లో ఆయన పెద్ద పుస్తకం రాశారు. 1991లో జర్మనీలోని పాడర్‌బోర్న్ ఆర్చ్‌బిషప్ ఆయన బోధనా అనుమతిని రద్దు చేశారు. 2005లో ఆయన చర్చి నుంచే వైదొలిగారు.