ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

అపోహ: బోటు నడపడానికి లైసెన్స్ ఉండాలి.
నారోబోట్ అంటే ఇరుకు కాలువల్లో తిరిగే సన్నని, పొడవాటి పడవ. అద్దె బోటుకు లైసెన్స్ అక్కర్లేదు. బయల్దేరే ముందు చూపించే శిక్షణలో మాత్రం ఒక లాకైనా (గేట్ల మధ్య నీళ్లు నింపి, వదిలి బోటును ఎత్తే, దించే అర) మీ చేతే దాటించమని అడగండి.

అపోహ: గంటకు 4 మైళ్లే కదా, ప్రమాదం ఏముంటుంది?
57 అడుగుల ఉక్కు బోటు 15 టన్నులకు పైనే తూగుతుంది. బ్రేకులుండవు. రివర్స్ వేసి ఆపాలి, అప్పుడు చుక్కాని మాట వినదు. న్యూట్రల్‌లోనూ అంతే: ప్రొపెల్లర్ తోసే నీళ్లు తగిలితేనే చుక్కాని పనిచేస్తుంది. టిల్లర్, అంటే చుక్కాని తిప్పే కర్ర, ఎడమకు తోస్తే ముక్కు కుడికి పోతుంది. బోటు తిరిగేది నడుము దగ్గర కాబట్టి మలుపులో వెనక భాగం ఎటు పోతోందో కూడా చూడాలి. 4 మైళ్లు గరిష్ఠ పరిమితి మాత్రమే. వెనక అల గట్టుమీద విరుగుతుంటే వేగం ఎక్కువైనట్టే. కట్టి ఉన్న బోట్ల పక్కన ఇంకా తగ్గించాలి.

అపోహ: లాకులో ఎక్కడమే కష్టం, దిగడం తేలిక.
గోదావరి డెల్టాలో లాకులు చూసినవాళ్లకు సూత్రం తెలిసిందే. కాకపోతే ఇక్కడ చాలా లాకుల దగ్గర మనిషి ఉండడు. విండ్లాస్ అనే ఇనుప హ్యాండిల్‌తో ప్యాడిళ్లు, అంటే తూము తలుపులు, మీరే ఎత్తాలి.

దిగేటప్పుడు నీళ్లు ప్రశాంతంగానే ఉంటాయి, అందుకే ఏమరుపాటు వస్తుంది. పై గేటు కింద సిల్ అనే రాతి అరుగు ఉంటుంది. బోటు వెనక్కి జరిగి ఉంటే, నీళ్లు తగ్గుతుంటే దాని వెనక భాగం సిల్ మీద కూర్చుంటుంది, ముక్కు దిగుతూనే ఉంటుంది. నిమిషాల్లో బోటు మునిగిపోవచ్చు. గోడమీద సిల్ హద్దు చూపే తెల్ల గీత ఉంటుంది. బోటు వెనక కొస దాన్ని దాటి ముందుకొచ్చాకే కింది ప్యాడిళ్లు ఎత్తాలి. నీళ్లు దిగినంతసేపూ టిల్లర్ దగ్గరి మనిషి గీతమీదే కన్నేసి ఉంచాలి. తాడు ముడి వేయకండి, గుంజకు ఒక చుట్టు చుట్టి వదులుతూ ఉండండి. బోటు సిల్ మీద చిక్కిందా, ముందు కింది ప్యాడిళ్లు మూసేయాలి, తర్వాతే పైవి కొద్దిగా ఎత్తి నీళ్లు నింపాలి. ఈ వరుస బోటులో అందరికీ తెలిసి ఉండాలి.

ఎక్కేటప్పుడు నేల ప్యాడిళ్లు (గట్టు మీద ఉండి నేల కింది తూము గుండా నీళ్లు వదిలేవి) ముందు, అవీ సగమే. గేటులోనే ఉండే గేటు ప్యాడిల్ రంధ్రం నీళ్లలో మునగకముందే ఎత్తితే ధార నేరుగా బోటు ముందు భాగంలో పడుతుంది. విండ్లాస్‌ను ఇరుసుకు తగిలించి వదిలేయొద్దు. ఇరుసు వెనక్కి తిరక్కుండా ఆపే పట్టుపళ్లు జారితే అది గిర్రున తిరిగి మనిషికి తగులుతుంది.

అపోహ: బోటు ముందుకు సాగకపోతే థ్రాటిల్ పెంచాలి.
చాలాసార్లు ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో, గుడ్డో, తాడో చుట్టుకుని ఉంటుంది. బోటు కట్టేసి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్ పైన ఉండే మూత) తెరిచి కత్తితో కోసి తీయాలి. మూత బిగించడం మాత్రం మరువకూడదు. వదులుగా ఉంటే ప్రొపెల్లర్ చిమ్మే నీళ్లు ఇంజన్ గదిని నింపేస్తాయి. ఇలా మునిగిన బోట్లున్నాయి.

అపోహ: రోజుకు 20 మైళ్లు పోవచ్చు.
మైళ్లతోపాటు లాకులు లెక్కపెట్టండి. వూస్టర్-బర్మింగ్‌హామ్ కాలువలో టార్డెబిగ్ దగ్గర రెండు మైళ్ల పైచిలుకు దూరంలో 30 లాకులున్నాయి. ఒక్కోదానికి 10-15 నిమిషాలు వేసినా 5 నుంచి 7 గంటలకు పైగా పడుతుంది.

అపోహ: చలికి గాలి రంధ్రాలు మూసేయొచ్చు.
వద్దు. పొయ్యి వెలుగుతుండగా మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలే పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు. పడుకునే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి పనిచేస్తోందో లేదో చూడండి.